ఇసుక మీద ఇల్లు ఎవరు కట్టుకున్నారు?



పోయిన నెల నాగాయలంక వైపు ఒక గృహకూడికకు వెళ్ళాము. పాట అయిపోయి అందరం ప్రార్థనలో ఉండగా పైనుంచి స్లాబు పెచ్చు ఒకటి ఊడి, చాప పక్కన బోర్లించిన సత్తుగిన్నె మీద పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, దేవునికి స్తోత్రం. కళ్ళు తెరిచి చూస్తే కప్పులో చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి బయటికి కనబడుతున్నాయి. ఆ ఇంటి పెద్దమ్మ మాత్రం కంగారుపడలేదు. చీపురు తెచ్చి పెచ్చులు ఓ పక్కకు ఊడ్చి, "ఇది మామూలే అయ్యగారూ, మీరు కానివ్వండి" అంది. మేము బయలుదేరేటప్పుడు గుమ్మం పక్కన గోడలో బిగించిన చిన్న రాతిపలక చూపించింది. ఉప్పెన తరువాత ఇల్లు కట్టించి ఇచ్చినవారి పేరు, సంవత్సరం చెక్కిన పలక అది. "రాయి చూడండి, చెక్కు చెదరలేదు. కప్పే పోతోంది" అంది.

ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మీకు తెలుసు. మన గుడి ముందు ఆర్చి కట్టడానికి రెండేళ్ళుగా చందాలు పోగుచేస్తున్నాము. ఆర్చి మీద దాతల పేర్లు వేయించాలని కమిటీలో అనుకున్నదీ మనమే. ఆ డబ్బులో కొంత ఇలాంటి నాలుగు ఇళ్ళ మరమ్మతుకు తీయవచ్చా అన్న మాట ఇప్పుడు కమిటీ ముందుంది. దాని మీద ఎవరైనా చెయ్యెత్తేముందు, మన ప్రాంతంలో పేదవారికి ఇళ్ళు కట్టిన కథ కొంత తెలిసి ఉండటం మంచిదని ఈ వారం వాక్యధ్యానానికి బదులు ఇది రాస్తున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇద్దరు మనుష్యుల ఉపమానం మీద, బండ మీద ఒకడు, ఇసుక మీద ఒకడు ఇల్లు కట్టిన సంగతి మీద, మేము ఈ ప్రాంతంలో చాలాసార్లు ప్రసంగించాము. నవంబరు నెలలో అయితే మరీను. ఒకసారి ఆరాధన అయ్యాక ఒక ముసలాయన మా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, మన దగ్గర బండ ఎక్కడుందండీ?" మేము నవ్వేశాము. ఆయన నవ్వలేదు. నిజమే కదా. సముద్రం వైపు నాలుగడుగులు తవ్వితే ఉప్పునీళ్ళు. లోపలికి వస్తే ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బే నల్లమట్టి. బండ కావాలంటే బెజవాడ కొండ దాకా పోవాలి.

మన భూమి సంగతి అలాంటిది. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలై సముద్రానికి వెళ్తుంది, ఆ రెండు పాయల మధ్య ఉన్నది దివిసీమ. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక డెల్టా అంతా వరిచేలు అయింది. భూమికి ధర వచ్చింది. ధర వచ్చిన భూమికి యజమాని ఉంటాడు. మెరక మీద ఊళ్ళు ఉన్నాయి, ఊళ్ళో స్థలం లేనివారికి పల్లం మిగిలింది. మన మాలపల్లెలు, మాదిగపల్లెలు వాననీళ్ళు నిలిచే చోట ఉన్నాయి. చేపలు పట్టేవారి పాలేలు ఇసుకదిబ్బల మీద ఉన్నాయి. యానాదుల గుడిసెలు ఏ చెరువుగట్టునో, మడకట్టునో. కూలికి వచ్చి నిలిచిపోయినవారు కాలువగట్టు ఎక్కారు. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఎక్కడ చూసినా ఇదే వరస. ఇక్కడ ఇసుక మీద కట్టుకున్నవాడు బుద్ధి లేక కట్టుకోలేదు, మరోచోట జాగా దొరకక కట్టుకున్నాడు.

ఉపమానాన్ని మళ్ళీ చదివి చూడండి. బుద్ధిహీనుడని ప్రభువు అన్నది పేదవానిని కాదు, మాట విని చేయనివానిని. వినేవారు ఎవరు? ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే మనము.

ఇప్పుడు ఉప్పెనల మాట. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో ముప్పైవేల మంది దాకా పోయారని చెబుతారు. అప్పటికి రాబర్ట్ నోబుల్ దొర బందరులో బడి పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన 1841లో వచ్చాడు, 1843లో బడి తెరిచాడు, ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు అక్కడే కన్నుమూశాడు. మిషనరీల కథ చెప్పేటప్పుడు ఆ బడి గురించి, అందులో చదివి బాప్తిస్మం పొందిన పెద్ద కులాల యువకుల గురించి మనం ఎంతో చెబుతాము. ఆ ఉప్పెన తరువాత పాలేలలో మిగిలినవారు ఎక్కడ తలదాచుకున్నారో మాత్రం మన కథల్లో వినబడదు.

తరువాతది మన పెద్దల కళ్ళముందు జరిగింది. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం తాటిచెట్టు ఎత్తున వచ్చిందని చూసినవారు చెబుతారు. అయిదు మీటర్లకు పైగా లేచిన నీరు మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేల ప్రాణాలు. దివిసీమలో ఎవరిని అడిగినా అది తక్కువ లెక్క అనే అంటారు. సొర్లగొంది లాంటి ఊళ్ళ పేరు చెబితే ఇప్పటికీ ముసలివాళ్ళు మాట ఆపేస్తారు. తాటిచెట్టునో తుమ్మచెట్టునో పట్టుకున్నవారు బతికారు, పక్కా కట్టడం ఎక్కగలిగినవారు బతికారు. మట్టిగోడల మధ్య, తాటాకు కప్పు కింద ఉన్నవారికి ఆ అవకాశమే రాలేదు. మరునాడు ఆదివారం. ఆరాధనకు గంట కొడదామంటే ఎన్నో పల్లెల్లో గుడిపాక కూడా మిగల్లేదు.

తరువాత వచ్చిన సాయం గురించి నిజాయితీగా చెప్పాలంటే అది ఒక్క మనవారి సాయం కాదు. అప్పుడు రాష్ట్రంలో మంత్రిగా ఉన్న అవనిగడ్డ మనిషి మండలి వెంకటకృష్ణారావుగారు శవాల మధ్య తిరిగి పనిచేసిన సంగతి దివిసీమ మరచిపోలేదు. మదర్ తెరెసా వచ్చారు. ఎన్.టి.ఆర్., ఎ.ఎన్.ఆర్. వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. రామకృష్ణ మిషన్ ఇళ్ళు కట్టింది. ఆర్.ఎస్.ఎస్. వారు దీనదయాళ్‌పురం అని ఒక ఊరే నిలబెట్టారు. సంఘాల తరఫున కాసా పనిచేసింది. దేశ విభజన నాటి శరణార్థుల కోసం 1947లో మొదలైన సంస్థ అది. ఈ పేర్లన్నీ ఒకే పేరాలో రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. ఉప్పునీరు ఎవరి ఇంట్లోకి రావాలో మతం అడిగి రాలేదు కాబట్టి మేము రాశాము.

ఆ రోజుల్లో ఇల్లు అంటే ఏమిటన్న దాని మీద రెండు దారులు కనబడతాయి. ఒకటి, కాంక్రీటు ఇల్లు కట్టి తాళం చేతికివ్వడం. వరుసలు వరుసలుగా కాలనీలు లేచాయి, ముందు చెప్పిన రాతిపలక అలాంటి ఇంటిదే. రెండో దారి అంతగా ఎవరికీ గుర్తులేదు. విజయవాడలో ఆర్టిక్ అనే శిక్షణ కేంద్రం ఒకటి వెలిసింది. అందులో పనిచేసినవారు అడిగిన ప్రశ్న ఇది: అందరికీ కాంక్రీటు ఇవ్వలేము, చాలామంది మళ్ళీ తాటాకు ఇల్లే వేసుకుంటారు, మరి ఆ తాటాకు ఇల్లే గాలికి నిలబడేటట్టు వేయడం నేర్పగలమా? నిట్రాళ్ళు, గుంజలు లోతుగా పాతి అడుగున కదలకుండా బిగించడం, గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలు కర్ర వేయడం, వాసాలను దూలానికి గట్టిగా కట్టడం, కప్పుకు సరైన వాలు ఇవ్వడం, ఇలాంటివి ఊళ్ళోని వడ్రంగులకే నేర్పారు. మన పూర్వికులకు ఇందులో కొంత తెలుసు. కోస్తా ఊళ్ళలో చుట్టిల్లు ఎందుకు గుండ్రంగా ఉండేదో ఒకసారి ఆలోచించండి. గాలికి కొట్టడానికి మూల దొరకదు.

ఈ రెండో దారిలో ఫొటో తీయించుకోవడానికి ఏమీ ఉండదు, రాతిపలక బిగించడానికి గోడ ఉండదు. అది మనకు గుర్తులేకపోవడానికి కారణం ఇదే అని మా అనుమానం.

అయితే తాటాకు ఇల్లు గాలికి నిలిచినా ఉప్పెనకు నిలవదు. దానికి కాసావారు, సర్కారువారు తుపాను షెల్టర్లు కట్టారు. ఎత్తైన స్తంభాల మీద గట్టి హాలు. మామూలు రోజుల్లో బడిగానో, ఊరి కూడికలకో వాడుకుని, గాలి లేచిన రోజున అందరూ ఎక్కే చోటు. 1990 మే 9న మచిలీపట్నానికి నైరుతిగా, కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను గాలిలో 1977 దానికి తీసిపోయేది కాదు. ముందే హెచ్చరించారు, లక్షలమందిని కదిలించారు. చనిపోయినవారు వెయ్యిలోపు. అదీ తక్కువ కాదు, ఒక్కొక్కరూ ఒక ఇంటి మనిషి. కానీ పదివేలకు, వెయ్యికి తేడా ఉంది. ఆ తేడాలో హెచ్చరికకు, రోడ్డుకు, షెల్టరుకు, బస్సు పంపిన అధికారికి అందరికీ వాటా ఉంది.

ఇంకొక సంగతి వినడానికి కష్టంగా ఉంటుంది. పీటర్ విన్‌చెస్టర్ అనే పరిశోధకుడు 1977 తరువాత పది పదకొండేళ్ళ కాలంలో కృష్ణా డెల్టాలో జరిగిన పునర్నిర్మాణాన్ని పరిశీలించి 1992లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించాడు. అందులో ఆయన చెప్పినదాని సారం మా మాటల్లో ఇది: భూమి, పశువులు, అప్పు పుట్టే పరపతి ఉన్న ఇల్లు తుపాను తరువాత మళ్ళీ లేచింది. అవి లేని కుటుంబాన్ని కొత్త ఇల్లు ఒక్కటే నిలబెట్టలేదు. దీన్ని విమర్శగా తీసుకుని కోపగించుకోవచ్చు. మేము మాత్రం పెద్దమ్మ ఇంటి కప్పు కింద కూర్చుని ఆలోచించాక ఆయన మాటే సరైనదనుకుంటున్నాము. ఆ ఇల్లు ఇచ్చినప్పుడు గట్టిదే. ఉప్పుగాలికి చువ్వ తుప్పుపడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కడగని ఉప్పు ఇసుక వాడితే ఇంకా తొందరగా. పదేళ్ళకోసారి పెచ్చులు రాల్చి, తుప్పు గీకి, మళ్ళీ పూత వేయిస్తే నిలుస్తుంది. కూలి పనితో పిల్లలను సాకే మనిషికి పదేళ్ళకోసారి ఆ డబ్బు ఎక్కడిది? ఇల్లు ఇచ్చినవారు రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయారు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ఒక చిన్న ఆజ్ఞ ఉంది. పైనుంచి మనిషి పడితే దోషం కట్టినవాని మీదికి వస్తుంది. మేము దాన్ని మిద్దె ఇళ్ళున్నవారికి చెప్పిన జాగ్రత్తగా చదివేవాళ్ళం. ఇప్పుడు ఇళ్ళు కట్టి ఇచ్చేవారికి చెప్పిన మాటగా కూడా చదువుతున్నాము.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో మిలర్డ్ ఫుల్లర్ అనే లాయరు ఉండేవాడు. చిన్న వయసులోనే కోటీశ్వరుడై, కాపురం చెడే దశకు వచ్చి, ఉన్నదంతా వదిలేసి భార్య లిండాతో కలిసి ఒక క్రైస్తవ వ్యవసాయ సమాజంలో చేరాడు. ఆ సమాజాన్ని నడిపిన క్లారెన్స్ జోర్డన్ గ్రీకు కొత్త నిబంధన పండితుడు, పొలం దున్నే రైతు. నల్లవారు, తెల్లవారు ఒకే బల్ల మీద తినడం అక్కడ నేరంలా చూసే కాలంలో ఆ సమాజం నిలబడింది. వాళ్ళిద్దరూ కలిసి ఆలోచించిన పద్ధతి సూటిగా ఉంది: పేదవానికి ఇల్లు దానంగా ఇవ్వవద్దు, లాభానికి అమ్మవద్దు. ఖరీదుకే ఇవ్వాలి. నిర్గమకాండము 22వ అధ్యాయం చెప్పినట్టు వడ్డీ తీసుకోకూడదు. ఆ కుటుంబం తన ఇంటికీ పక్కవారి ఇంటికీ చేతులతో పనిచేయాలి. వాయిదాల సొమ్ము తిరిగి వచ్చి ఇంకొకరి ఇల్లవుతుంది. జోర్డన్ 1969లో మొదటి ఇల్లు పూర్తి కాకముందే చనిపోయాడు. ఫుల్లర్ దంపతులు ఆఫ్రికాలో జైరే దేశం వెళ్ళి ఆ పద్ధతిలో పనిచేసి వచ్చి 1976లో హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ స్థాపించారు. మన దేశంలో ఆ పని మొదట మొదలైంది ఏ ఢిల్లీలోనో బొంబాయిలోనో కాదు. 1983లో, మన పక్కనున్న ఖమ్మంలో.

అదే 1983లో గుడివాడ నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.ఆర్. బలహీన వర్గాలకు పక్కా ఇళ్ళ పథకాన్ని పెద్దఎత్తున నడిపారు. దానికి కావలసిన గృహనిర్మాణ సంస్థ 1979లోనే ఏర్పడి ఉంది. తరువాత ఇందిరమ్మ ఇళ్ళు, జగనన్న కాలనీలు, టిడ్కో ఇళ్ళు. గుడివాడ పక్కన మల్లాయపాలెంలో 2023 జూన్‌లో ప్రారంభించిన టిడ్కో ఇళ్ళు 8,912. ఏ సంఘమూ ఏ మిషనూ అన్ని ఇళ్ళు కట్టలేదు, కట్టలేదు కూడా. ఆ సంగతి ఒప్పుకోవాలి. అయితే పథకం ఎవరిదైనా దాని గుమ్మం దగ్గర ఒక కాగితం అడుగుతారు. సొంత స్థలం ఉంటే పట్టా చూపించు, లేకపోతే మేము చూపించిన చోటికి రా. మూడో అంతస్తులో ఇల్లు వచ్చిన కుటుంబం గేదెను ఎక్కడ కట్టుకుంటుంది, చేపల బుట్ట ఎక్కడ ఆరబెడుతుంది అన్నది కాగితంలో ఉండదు. కాలువగట్టు మీదివారికి ఆ కాగితమే ఉండదు.

ఇక్కడ మన సంఘం చేసిన పొరపాటు చెప్పాలి, కొత్తగా వచ్చినవారికి తెలియదు. కొన్నేళ్ళ క్రితం ఒక విధవరాలికి అందరం కలిసి కాలువగట్టు మీద ఇటుక గోడలతో రేకుల ఇల్లు కట్టించాము. యువకులు ఇటుకలు మోశారు, సోదరీలు వంట చేశారు, గృహప్రవేశానికి కేకు కోశాము. ఎంత సంతోషమో. ఆ స్థలం ఎవరిదని మాత్రం ఒక్కరమూ అడగలేదు. గట్టు పోరంబోకు అని తెలిసినవారు కూడా ఏమీ అనలేదు, మంచి పనికి అడ్డుపడటం ఎందుకని. కాలువ పనులకు యంత్రాలు వచ్చినప్పుడు వరసలో అన్నిటితోపాటు అదీ పోయింది. ఆమె తలుపు ఊడదీసుకుని అన్నగారి ఇంటికి వెళ్ళింది. ఇప్పటికీ ఆ తలుపు ఆ ఇంటి వసారాలో గోడకు ఆనించి ఉంది. మేము పరామర్శకు వెళ్ళినప్పుడల్లా దాని ఎదురుగానే కుర్చీ వేస్తారు. కావాలని కాదు, అక్కడే నీడ ఉంటుంది.

ఆమె కోసం మేము ఇటుకలు లెక్కబెట్టిన శ్రద్ధలో పదోవంతు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికి పెట్టి ఉంటే, ఇల్లు ఒక ఏడాది ఆలస్యమయ్యేది, కానీ ఉండేది. అర్జీ రాయడం, రేషను కార్డు, ఆధారు జిరాక్సులు జతచేయడం, సర్వేయరు కోసం ఎండలో నిలబడటం, వీటిని ప్రార్థన విన్నపాల్లో చేర్చడం మాకు సెమినరీలో ఎవరూ నేర్పలేదు. నెహెమ్యా గోడ కట్టడానికి ముందు రాజు దగ్గర ఉత్తరాలు తీసుకున్నాడు, అడవి కాపరి పేరుమీద మ్రానులకు కూడా ఉత్తరం అడిగాడు. ఆ అధ్యాయం మేము ఎన్నిసార్లు బోధించామో.

ఇక ఆ నాలుగు ఇళ్ళ సంగతి. నాలుగింటికీ పట్టాలు ఉన్నాయి, ఈసారి ముందుగా చూశాము. తాపీమేస్త్రీని తీసుకెళ్ళి చూపించాము. మూడు ఇళ్ళలో పెచ్చులు రాల్చి, చువ్వలు శుభ్రం చేసి, మళ్ళీ కాంక్రీటు పూస్తే సరిపోతుందన్నాడు. పెద్దమ్మ ఇంటికి మాత్రం సగం స్లాబు దింపి కొత్తది పోయాలట. కుటుంబాలతో మాట్లాడాము. ఊరికే వద్దన్నారు. ఒకరు నెలకింత కడతామన్నారు, ఇద్దరు కూలికి బదులు పనికి వస్తామన్నారు. కట్టిన డబ్బు వడ్డీ లేకుండా ఒక పుస్తకంలో జమ చేసి, అయిదో ఇంటికి వాడాలని మా ఆలోచన. ఆర్చికి తన తండ్రి జ్ఞాపకార్థం పెద్ద మొత్తం ఇచ్చిన సహోదరుడు మనసు నొచ్చుకున్నాడని తెలుసు. ఆయన బాధ చిన్నది కాదు. వచ్చి ఆయనతో విడిగా మాట్లాడతాము. ఆయన వద్దంటే ఆయన వాటా తాకము.

ఆదివారం రెండో ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. సభ్యులు కానివారు కూడా ఉండవచ్చు. ఒప్పుకుంటే బుధవారం నుంచి పని. పలుగు, గమేళాలు ఉన్నవారు తెచ్చుకోండి, ఇసుక మాత్రం ఏటి ఇసుకే తెప్పిస్తున్నాము.

పెద్దమ్మ ఒక్క షరతు పెట్టింది. స్లాబు దింపేటప్పుడు గుమ్మం పక్కనున్న పాత రాయి తీయవద్దంది. దాని మీద ఉన్న దాతలు ఎవరో ఆమెకు తెలియదు, చదువు రాదు. ఉప్పెనలో పోయిన ఇద్దరు పిల్లల తరువాత ఆ రాయి బిగించిన ఏడాదే తనకు ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టిందట.